ప్రయూన్ గారి డాష్‌బోర్డు దీపోత్సవం

డాష్‌బోర్డు మీద ఒక్క హెచ్చరిక లైటైనా వెలగని కారు నా దృష్టిలో అసలు కారే కాదు. చక్రాలున్న ఇనప్పెట్టె!

నవ్వకండి. ముప్ఫై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. రుజువు లేకుండా ఏ మాటా అనను. మీరు తాళం తిప్పగానే లైట్లన్నీ ఒక్కసారి మెరిసి బుద్ధిగా ఆరిపోతున్నాయా? అయ్యో పాపం! మీ కారుకి మీతో చెప్పుకోవడానికి ఏమీ లేదన్నమాట. వీధిలో మిమ్మల్ని పలకరించడానికీ ఎవరికీ కారణం లేదన్నమాట. అదే, ఆ పసుప్పచ్చ ఇంజను బొమ్మ ఒకటి ఆరకుండా నిలబడిందనుకోండి. ఆ రోజు నుంచి మీరు ఒంటరివారు కారు. నా మాట నమ్మకపోతే మా ప్రయూన్‌ని అడగండి.

ప్రయూన్ మా సందులోనే ఉంటాడు. నఖోన్ సవాన్ అనే ఊళ్ళో, నది వంతెనకి ఈవల, గుడి వెనక సందు మాది. స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. అంత మొహమాటస్తుణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నడుం కొలత తీస్తూ "పొట్ట బిగించకండి" అని చెప్పడానికి కూడా మొహమాటపడి, ఎందుకైనా మంచిదని నిక్కర్లన్నీ రెండంగుళాలు వదులుగా కుడతాడు. మా ఊళ్ళో పిల్లలందరూ ఒక చేత్తో పుస్తకాలు, ఒక చేత్తో నిక్కరు పట్టుకుని బడికి రావడానికి కారణం అదే.

ఆయనకో బూడిదరంగు కారుంది. వయసు పద్నాలుగు. ఆయనకో తల్లి ఉంది, లమూన్ బామ్మ. వయసు ఎనభై ఒకటి. బామ్మకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. వెలుగూ నీడా తెలుస్తాయి తప్ప మనుషులు ఆనరు. ఏప్రిల్లో పెద్దాసుపత్రి వాళ్ళు చూసి, ఆపరేషనుకి ఎనిమిది నెలల తరువాతి తేదీ వేసి చీటీ ఇచ్చారు. డిసెంబరు పదిహేను, పొద్దున్న ఎనిమిది లోపల రావాలి. రాకపోతే పేరు కొట్టేసి మళ్ళీ వరస చివర నిలబెడతారు.

"మూడేళ్ళ నుంచీ చైనా ఉగాది డ్రాగన్ ఊరేగింపుని చెవుల్తోనే చూస్తున్నాన్రా. ఈసారి కళ్ళతో చూసి పోతాను" అంది బామ్మ.

ప్రయూన్ ఆ చీటీని మరచిపోకుండా కారులో, స్టీరింగ్ వెనక మీటర్లకి సరిగ్గా పైన, టేపు వేసి అంటించాడు. ఈ చీటీని మీరు కూడా కాస్త గుర్తుపెట్టుకోండి. మేమెవరమూ పెట్టుకోలేదు.

చీటీ అంటించిన వారానికి మొదటి లైటు వెలిగింది.

కారుని సవేంగ్ షెడ్డుకి తీసుకెళ్ళాడు. సవేంగ్ మా సందు మెకానిక్. తన స్కానర్ మిషను వైరు స్టీరింగ్ కింద గుచ్చి చూస్తే తెర మీద ఒక కోడ్ వచ్చింది. పి, సున్నా, అయిదు, ఆరు, రెండు. "కరెంటు తక్కువ అందుతోందన్నా, బ్యాటరీ టెర్మినల్ వదులైంది" అని సవేంగ్ పానా తీసి బిగించాడు. లైటు ఆరిపోయింది. పది నిమిషాల పని. అక్కడితో కథ అయిపోవలసింది.

కానీ ఆ పది నిమిషాల్లో పికూన్ పిన్ని అక్కడే ఉంది. పికూన్ పిన్ని బొగ్గుల మీద అరటిపళ్ళు కాల్చి అమ్ముతుంది. ఏ అంకె కనిపించినా లాటరీ టిక్కెట్టు వెతుకుతుంది. తెర మీదకి తొంగిచూసి, "చివర అరవై రెండా?" అని గొణుక్కుంటూ వెళ్ళింది. పదిహేను రోజులకోసారి డ్రా కదా! ఆ డ్రాలో చివరి రెండంకెలు అరవై రెండు.

ఇక చూడండి! అంతవరకు మా సందులో ఏ బల్లి అరిచినా, ఏ అరటి చెట్టు వంకరగా గెల వేసినా, ఎవరికి కలలో పాము కనబడినా మేం అంకెలు ఊహించి చచ్చేవాళ్ళం. ఇప్పుడో? మెషీనే అంకె అచ్చు వేసి చూపిస్తోంది! పాముని అంకెగా మార్చడానికి కలల పుస్తకం కావాలి. పి సున్నా అయిదు ఆరు రెండుకి ఏ పుస్తకమూ అక్కర్లేదు. విజ్ఞానశాస్త్రం సామాన్యుడికి ఇంతకన్నా ఏం మేలు చేయగలదు?

పికూన్ పిన్ని కృతజ్ఞత తెలిసిన మనిషి. ప్రతి బండిలోనూ ఒక అమ్మవారు కొలువుంటుంది, ఆ అంకె ఆవిడ చలవే. మా వైపు అమ్మవార్లకి ఎర్ర సోడా అంటే ఎంత ప్రాణమో వేరే చెప్పాలా? పిన్ని ఒక సీసా మూత తీసి, స్ట్రా వేసి, మల్లెదండతో సహా తెచ్చి డాష్‌బోర్డు మీద పెట్టి దణ్ణం పెట్టుకుంది. "పిన్నీ, ఒలుకుతుందేమో" అనాలని ప్రయూన్ నోటిదాకా వచ్చింది. మొహమాటానికి పోతే కడుపైందని సామెత ఉండనే ఉంది. నవ్వి ఊరుకున్నాడు.

మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే సీసా వెనక్కి వాలింది. ప్రయూన్ కంగారుగా బండి ఆపి చూస్తే డాష్‌బోర్డు మీద నాలుగు చుక్కలు తప్ప సోడా లేదు. సీసాలోనూ లేదు.

"చూశావా! అమ్మవారు ఒక్క గుక్కలో తాగేసింది!" అని వెనకే పరిగెత్తుకొచ్చిన పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాటి నుంచి రోజుకొక సీసా వచ్చింది. అమ్మవారు ఏ రోజూ వద్దనలేదు.

వారం తిరక్కుండా ఇంజను బొమ్మ మళ్ళీ వెలిగింది. దాని పక్కన బ్రేకు బొమ్మ. ఆ పక్కన ఎయిర్ బ్యాగు బొమ్మ, అదే, పొట్ట మీద బంతి పెట్టుకు కూర్చున్న మనిషి. పిన్ని అది గర్భిణి అని ఖాయం చేసి పుస్తకంలో గర్భిణికి ఏ అంకో చూసింది. బంతిని విడిగా లెక్కపెట్టాలా, మనిషితో కలిపి లెక్కపెట్టాలా అన్న చోట అభిప్రాయభేదం వచ్చింది. నన్ను పిలిచారు. లెక్కల మాస్టారుని కదా! ఆ రోజు నుంచి ప్రయూన్ డాష్‌బోర్డుకి భాష్యం చెప్పే బాధ్యత నా భుజాల మీద పడింది. నిజం చెప్పొద్దూ, రిటైరయ్యాక నన్ను ఎవరైనా లెక్క అడగడం అదే మొదటిసారి. ఉబ్బిపోయాను.

సవేంగ్‌ని మాత్రం తప్పుపట్టలేం. చేయవలసినవన్నీ చేశాడు. మిషను బ్యాటరీ అంటే బ్యాటరీ మార్చాడు. డైనమో అంటే డైనమో విప్పాడు. బ్రేకు సెన్సరు అంటే సెన్సరు మార్చాడు. మార్చగానే లైటు ఆరేది. ప్రయూన్ బండి సందు మలుపు తిప్పేసరికి ఇంకో రెండు వెలిగేవి. సవేంగ్ మళ్ళీ వైరు గుచ్చేవాడు, మిషను మళ్ళీ ఏదో అనేది. మిషను చెప్పింది చెప్పినట్టు చేయడమే గానీ, కింద కూర్చుని చెయ్యి పెట్టి వెతకడం అన్నది ఈ కాలం మెకానిక్కుల మర్యాదకి తక్కువ. షెడ్డు చుట్టూ ఎప్పుడూ పాతికమంది మూగి ఉండేవారు. సవేంగ్ భార్య అక్కడే ఐసు కాఫీ బండి పెట్టింది. ఒక్క లైటు ఎన్ని కుటుంబాలని నిలబెట్టిందో చూశారా?

పోనీ లైట్లతో ఆగిందా? ఆ కారు నేర్చిన విద్యలు అన్నీ ఇన్నీ కావు. హారన్ కొడితే అద్దం తుడిచే పుల్లలు ఆడేవి. ఎడమ సిగ్నల్ వేస్తే కుడి కిటికీ దిగేది. బ్రేకు నొక్కినంతసేపే రేడియో పాడేది. దాంతో పాట బాగున్నప్పుడల్లా ప్రయూన్ నడిరోడ్డు మీద ఆగిపోతున్నాడని జనం అపార్థం చేసుకున్నారు. మామూలు కారు కొన్నవాడికి ఏముంటుంది చెప్పండి? హారన్ కొడితే హారన్ మోగుతుంది. జీవితంలో ఒక్క ఆశ్చర్యమైనా ఉండొద్దా?

ఇంత వైభవంలో లమూన్ బామ్మ ఒక్కతే పానకంలో పుడక. ఎడమ పక్క ముందు సీట్లో కూర్చున్నప్పుడల్లా ఒకటే పాట.

"ఒరేయ్ ప్రయూన్, కాళ్ళకి చీమలు కుడుతున్నాయిరా."

"వయసొస్తే అరికాళ్ళు అలాగే చురుక్కుమంటాయమ్మా."

"చురుక్కుమనడం కాదురా, చీమలే! వరసగా వెళుతున్నాయి, తెలుస్తోంది."

"బామ్మా, రక్తం సరిగ్గా ఆడకపోతే అలాగే ఉంటుంది. ఔషధ తైలం రాసుకోండి" అని నేను కూడా కారు కిటికీలోంచి తల దూర్చి సలహా చెప్పాను. చెబుతూనే మీటరు మీద లైట్లు లెక్కపెట్టుకున్నాను. ఆరు. బామ్మ పాపం తైలం రాసుకుంది. కళ్ళున్న ఇంతమందిమి చెబుతుంటే కళ్ళు లేని ఆవిడ ఎన్నని వాదిస్తుంది?

మీరడగవచ్చు: మాస్టారూ, ఇన్ని లైట్లు వెలిగితే ఎన్నిసార్లు గెలిచారు? మంచి ప్రశ్న. మొదటిసారి పిన్నికి తగిలిన అరవై రెండు తప్ప మరి ఒక్కటీ తగల్లేదు. అయితే అది లైట్ల దోషం కాదు, మా భాష్యంలో లోపం.

నవంబరు చివర ప్రయూన్‌కి గుబులు పట్టుకుంది. అమ్మ ఆపరేషను తేదీ దగ్గరపడుతోంది. అంత పొద్దున్నే దారిలో బండి మొరాయిస్తే? సవేంగ్ దగ్గరకి వెళ్ళి, ఎన్నడూ లేనిది గట్టిగా చెప్పాడు. "తమ్ముడూ, ఈసారి మిషను వద్దు. మొత్తం విప్పెయ్యి. వైరు వైరూ చూడు."

సందంతా షెడ్డు దగ్గరకి పరిగెత్తింది.

"విప్పుతారా! అమ్మవారు కూర్చున్న చోటు విప్పుతారా!" అంది పిన్ని.

"పదహారో తారీకు డ్రా అవనివ్వు అన్నా. ఏడాది చివరి పెద్ద డ్రా. ఆ తరువాత నీ ఇష్టం, నేనే దగ్గరుండి విప్పిస్తాను" అన్నాడు తవీ. తవీకి ఒక పికప్ బండి ఉంది, మంచి మనసుంది. రెండూ ఎప్పుడూ ఒకేసారి స్టార్టవవు.

"పదిహేనునే మా అమ్మ ఆపరేషను..." అని ప్రయూన్ నసిగాడు.

"అదెంత పని! మేమందరం లేమూ? మేం వెనకాలే వస్తాం. బండి ఆగితే అమ్మని నేనెక్కించుకోనూ?" అన్నాడు తవీ.

ప్రయూన్ అందరి మొహాలూ చూశాడు. వాళ్ళ పిల్లల నిక్కర్లన్నీ ఆయన కుట్టినవే. కాదనలేకపోయాడు. ఆ రాత్రి తల్లితో, "అందరూ తోడొస్తారటమ్మా" అని మాత్రం చెప్పాడు.

డిసెంబరు పదిహేను రానే వచ్చింది. పొద్దున్న ఏడు గంటలకి బామ్మ కొత్త రవిక వేసుకుని, తల దువ్వుకుని, ముందు సీట్లో కూర్చుంది. డాష్‌బోర్డు మీద తడిమి, ఆ చీటీని టేపు ఊడదీసి చేత్తో పట్టుకుంది. వెనక తవీ పికప్‌లో పద్నాలుగు మందిమి. ఆ వెనక తొమ్మిది మోటారు సైకిళ్ళు. మాట నిలబెట్టుకున్నాం. కనీసం వంతెన దాకా.

వంతెన మధ్యకి వచ్చేసరికి ప్రయూన్ బండిలో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పుల్లలు ఆడాయి, కిటికీలు దిగాయి, హారన్ దానంతట అదే ఒక్క కూత కూసింది. ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే లైట్లు వెలుగుతున్నాయి గానీ ఇంజను కిక్కురుమనడం లేదు.

పికప్‌లోంచి అందరం దూకాం. ఎంత ఆత్రమో! కిటికీల్లోంచి తలలు దూరాయి. పదకొండు లైట్లు. కాదు, పన్నెండు. సీటు బెల్టుది లెక్కలోకి వస్తుందా రాదా? బామ్మ బెల్టు పెట్టుకోలేదు కాబట్టి అది న్యాయంగా వెలిగిన లైటు, దోషం కాదు, కనుక పదకొండే అని నేను తీర్పు చెప్పాను. ఆ తీర్పుకి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. తిరిగిన కిలోమీటర్ల అంకెలో చివరి మూడూ కూడా కావాలన్నారు ఎవరో.

"నాయనా, ఎవరైనా ఈ చీటీ చూడండి. ఎనిమిదింటికేనా రమ్మంది? ఇంకా టైముందా?" అంటూ బామ్మ మా గొంతులు వినబడ్డ వైపు చీటీ చాపింది.

అది సరిగ్గా నా కళ్ళకీ మీటరుకీ మధ్యకి వచ్చింది. "కాస్త అడ్డు తీయండి బామ్మా" అని ఆవిడ చెయ్యి మెల్లిగా పక్కకి జరిపాను. ఏడు, నాలుగు, అయిదు. రాసుకున్నాను.

ఆ తరువాత జరిగింది చెప్పడానికి నా కలం మొహమాటపడుతోంది. పదకొండుతో ముగిసే లాటరీ టిక్కెట్లు గుడి ముందు కొట్లలో ఎన్నుంటాయి? పట్టుమని పది ఉంటాయేమో! మాకన్నా ముందు నాలుగు మోటారు సైకిళ్ళు కదిలాయి. అది చూసి మేమందరం పికప్‌లోకి ఎగిరాం.

ప్రయూన్ రోడ్డు మధ్యలో నిలబడి అరిచాడు. పుట్టాక ఆయన అరవడం అదే మొదలు. "తవీ! మా అమ్మని ఎక్కించుకోరా! నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కళ్ళైనా ఎక్కించుకోండ్రా!"

"వెనకాల బళ్ళొస్తున్నాయిగా అన్నా, ఎవరో ఒకరు ఎక్కించుకుంటార్లే!" అని తవీ బండి తిప్పేశాడు. వెనకాల వాళ్ళు ముందు వాళ్ళు ఎక్కించుకుని ఉంటారనుకున్నారు. మా సందులో అందరిదీ ఒకటే మాట, ఎంత ఐకమత్యమో చూడండి!

ప్రయూన్ తల్లిని వీపున వేసుకుని వంతెన మీద నడిచాడట. అవతల ఒడ్డున చేపల బండివాడెవడో, మా ఊరివాడు కూడా కాదు, ఎక్కించుకుని దింపాడట. ఆసుపత్రి చేరేసరికి ఎనిమిదీ నలభై. బామ్మ పేరు మీద అప్పటికే గీత పడింది. మళ్ళీ తేదీ ఆగస్టులో. అంటే డ్రాగను ఈసారి కూడా చెవులతోనే.

ఆ సాయంత్రం ప్రయూన్ ఎవరి అభిప్రాయమూ అడగలేదు. కారుని షెడ్డుకి తోయించి, ఎడమ పక్క కాళ్ళ దగ్గరున్న ఫ్యూజుల పెట్టె మూత తనే ఊడబెరికాడు. లోపల, డాష్‌బోర్డు సందుల్లోంచి కారిన ఎనిమిది నెలల ఎర్ర సోడా పాకం గడ్డకట్టి ఉంది. దాని మీద చీమలు. మామూలుగా కాదు, పిల్లాపాపలతో, గుడ్లతో, ఒక పట్నం! రిలేల సందుల్లో, వైర్ల మొనల్లో, ఎక్కడ చూసినా అవే. అమ్మవారు తాగిందనుకున్నదంతా వాటికే ముట్టింది. బామ్మ కాళ్ళ మీదుగా వరసగా వెళ్ళింది కూడా అవే.

 సవేంగ్ పాత పళ్ళ బ్రష్షు ఒకటి, కడిగే మందు ఒకటి తెచ్చాడు. ముప్పావుగంట పట్టింది. తాళం తిప్పితే లైట్లన్నీ ఒక్కసారి మెరిసి బుద్ధిగా ఆరిపోయాయి. హారన్ కొడితే హారన్ మోగింది. షెడ్డు ముందు మూగిన జనం శవం లేచిన ఇంట్లోంచి వెళ్ళినట్టు మౌనంగా వెళ్ళిపోయారు.

మర్నాడు డ్రా. పదకొండు రాలేదు. ఏడు నాలుగు అయిదు రాలేదు. చివరి రెండంకెలు ముప్ఫై ఎనిమిది.

ముప్ఫై ఎనిమిది ఎక్కడో చూశామే అని సందంతా గింజుకుంది. సవేంగ్ భార్యకి ముందు తట్టింది. బామ్మ చీటీ మీద వరస నంబరు! బొటనవేలంత అంకె, ఎనిమిది నెలలు మీటర్ల నెత్తిన అంటించి ఉన్న అంకె! పికూన్ పిన్ని నేల మీద చతికిలబడి గుండెలు బాదుకుంది. తవీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకూ సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎందుకో చెప్పమంటారా? లెక్కల మాస్టారుని అయివుండి కంటికెదురుగా ఉన్న అంకె చూడలేకపోయానని! దాన్ని పట్టుకున్న చెయ్యి గుర్తుకు రావడానికి ఇంకో గంట పట్టింది. అది గుర్తొచ్చాక మాత్రం నిజంగానే ఏడ్చాను. ఇది వేళాకోళం కాదు.

ఆదివారం నాడు అందరం కలిసి క్షమాపణ చెప్పుకోవడానికి ప్రయూన్ ఇంటికి వెళ్ళాం. పిన్ని కాల్చిన అరటిపళ్ళు తెచ్చింది. ప్రయూన్ మిషను దగ్గర నుంచి లేవలేదు, కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. నిక్కరు కుడుతున్నాడు. కొలత ఖచ్చితంగా ఉంది.

బామ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆగస్టుకి ఇచ్చిన కొత్త చీటీ నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అందరి చూపులూ ఆ గుప్పిటి మీదే. బామ్మకి కళ్ళు కనిపించకపోవచ్చు గానీ, మా నిశ్శబ్దం ఎటు తిరిగి ఉందో తెలిసిపోయింది.

"తెచ్చిన పళ్ళు అక్కడ పెట్టండి. ఈ చీటీ మీద కూడా ఒక నంబరుందట, మావాడు చెప్పాడు" అంది. మేమందరం ఒక అడుగు ముందుకి జరిగాం. "దాన్ని అడక్కుండా నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు మీలో ఎవడైనా ఉన్నాడా?"

తవీ నేల చూశాడు. పిన్ని పళ్ళు సర్దింది.

"మాస్టారూ, మీరున్నారా? చదువుకున్న మనిషి. పోనీ, మీరొస్తారా?"

పాఠక మహాశయులారా, నమ్మండి. వస్తాను బామ్మా, తప్పకుండా వస్తాను అందామనే నోరు తెరిచాను. గుండె నిండా అదే ఉంది.

"చివర్న ఎంత బామ్మా?" అని వినబడింది. ఎవరా సిగ్గులేని వాడు అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.